టిఫిను పుట్టుపూర్వోత్తరాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక్కొక్కడికి ఒక్కో పిచ్చి పట్టుకుంటుంది. ఒకడు బండి కొంటాడు, ఒకడు మీసం పెంచుతాడు, ఇంకొకడు బస్టాండులో కనబడిన ప్రతి అమ్మాయి మీదా కవిత్వం రాస్తాడు. నాకు ఇవేవీ అబ్బలేదు. నాకు మాటల పుట్టుక పిచ్చి పట్టింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనకాల ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేరాను. (లెక్చరరన్నది నేను చెప్పుకున్న మాట. పరీక్షలప్పుడు బెంచీలు సర్దడం దగ్గర్నుంచి యాజమాన్యం వారింట్లో పెళ్ళయితే విస్తళ్ళ దగ్గర మంచినీళ్ళు పోయడం వరకూ అన్నీ ఆ హోదాలోకే వచ్చేవి.) ఆ కాలేజీ లైబ్రరీలో ఎవరూ ముట్టుకోని లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉండేది. ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట్లో పడి ఎలా మారిందో అందులో ఉండేది. రోజూ పాఠం మొదలెట్టేముందు ఏదో ఒక మాట పట్టుకుని దాని తాతముత్తాతల దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. పిల్లలు ఓపిగ్గా విని, చివర్న "ఇది పరీక్షలో వస్తుందా అండీ?" అని అడిగేవారు. రాదంటే పెన్నులు మూసేసేవారు. నాకు "డిక్షనరీ మాస్టారు" అని పేరు కూడా పెట్టారు. అది గౌరవమేనని చాలాకాలం అనుకున్నాను.

మకాం ఏలూరులో మా పెద్దమ్మ ఇంట్లో. పొద్దున్నే పాసింజరెక్కి గూడెం వెళ్ళడం, సాయంత్రం పాసింజరెక్కి తిరిగి రావడం. పెద్దమ్మకి పిల్లల్లేరు. ఆ లోటు నా కంచంలో కనబడేది, ఎంత తిన్నా సగమే తిన్నానని నమ్మేది ఆవిడ. పెద్దనాన్న కొల్లేటి చేపల చెరువుల మీద చాలా ఏళ్ళు పెత్తనం చేసి, మోకాళ్ళు సహకరించక మానుకుని పట్నం చేరినవాడు. పెదపాడు దగ్గర సొంత పొలం కౌలుకిచ్చాడు. ఏటా ఆ పొలం బియ్యం బస్తాలు వచ్చి వెనక గదిలో చెక్కల మీద బారుగా కూర్చునేవి. రోజూ ఒకసారి ఆ గదిలోకి వెళ్ళి, బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి వాసన చూసి, మళ్ళీ అందులోనే పోసి వచ్చేవాడు. ఆయన లెక్కలో తిండి అంటే అన్నం. మిగతాదంతా అన్నం ఉడికేలోపు కాలక్షేపం.

అలాంటి మనిషికి శనివారం వచ్చిందంటే గండం. పెద్దమ్మకి శనివారం ఒంటిపూట. మధ్యాహ్నం పూజయ్యాక భోజనం చేసేది. రాత్రికి అన్నం ముట్టేది కాదు, టిఫినే. ఆవిడతోపాటు ఆ ఇంట్లో అందరికీ టిఫినే. ఆ పూట పొయ్యి మీద అన్నం గిన్నె ఎక్కేది కాదు. ఉపవాసం కదా, వంటింటికి విశ్రాంతి అనుకుంటారేమో. అసలు పని ఆరోజే. పొద్దున్నించీ నానబోయడం, రుబ్బడం, అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, కారప్పొడి. రాత్రయ్యేసరికి పెసరట్టు మీద ఉప్మా, లేకపోతే ఇడ్లీ పిండి మందంగా పోసి అడుగు ఎర్రగా కాల్చిన దిబ్బరొట్టె. నేను గొంతు దాకా తినేవాణ్ణి. పెద్దనాన్న కూడా నాలుగు పెసరట్లు తిని, నీళ్ళు తాగి, కండువాతో మూతి తుడుచుకుని, "బావుందోయ్. ఇంక అన్నం పెట్టు" అనేవాడు. "ఇవాళ శనివారమండీ" అనేది పెద్దమ్మ. "అయితే ఇవాళ పస్తే" అని నిట్టూర్చి మంచమెక్కేవాడు. ప్రతి శనివారం ఇదే మాట, ఇదే జవాబు, ఇదే నిట్టూర్పు.

మన జిల్లాలో టిఫినుకున్న వింత అదేనండి. అది తిండీ కాదు, తినకపోవడమూ కాదు. ఎనిమిది ఇడ్లీలు మింగినవాడు కూడా "పొద్దున్నించీ ఏమీ తినలేదండీ, ఏదో టిఫిన్ చేశానంతే" అంటాడు. పిల్లాడికి అన్నం పెట్టి పంపించే డబ్బాని టిఫిన్ బాక్సంటాం, అందులో టిఫిను తప్ప అన్నీ ఉంటాయి. "టిఫిన్ చేశారా?" అంటే వండారా అనా, తిన్నారా అనా అన్నది అడిగినవాడికే తెలియాలి. ఒకప్పుడు ఇంట్లో బియ్యం లేనివాడు రాత్రి అన్నం మానేసేవాడు, ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. ఇప్పుడు మేడలు కట్టినవాళ్ళు మానేసి ఊరంతా చెప్పుకుంటున్నారు. "రాత్రిళ్ళు రైస్ తీసుకోమండీ, ఓన్లీ టిఫిన్" అనడంలో కారు కొన్నామని చెప్పేటంత దర్జా ఉంది. ఇక ఉపవాసాలంటారా, మా ఎదురింటి అత్తయ్యగారే సాక్ష్యం. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం బాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. వారంలో ఇన్నేసి రోజులు ఉపవాసాలుండి ఆవిడ ఏటేటా కొత్త కొలతలతో జాకెట్లు కుట్టించుకునేది. దేవుళ్ళందరూ కలిసి ఆవిణ్ణి టిఫిన్లతో పోషించేవారు.

ఒక శుక్రవారం సాయంత్రం వీధరుగు మీద కూర్చున్నాం, నేనూ పెద్దనాన్నా. రేపటి శనివారం తలచుకుని ఆయన అప్పటికే దిగులుగా ఉన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, అసలీ టిఫినన్న మాట ఎవడు కనిపెట్టాడ్రా? మీ పుస్తకంలో ఉందా?" అన్నాడు. నేను పుట్టాక ఒక మనిషి తనంతట తాను అడిగి నాచేత మాట పుట్టుక చెప్పించుకోవడం అదే మొదలు. నాకు ఒళ్ళు పులకరించింది. గొంతు సవరించుకున్నాను. "ఇంగ్లండులో పూర్వం టిఫ్ అంటే ఒక గుక్కెడు మందండీ. పలచటి సారాలాంటిది. భోజనాల వేళ కాని వేళ అలా గుక్కలు గుక్కలుగా పుచ్చుకోవడాన్ని టిఫింగ్ అనేవారు. ఆ దొరలే మన దేశం వచ్చారు. మధ్యాహ్నం ఎండకి పెద్ద భోజనం దిగేది కాదు. వేళ కాని వేళ ఏదో కాస్త కొరికి, కాస్త తాగి దాన్ని టిఫిన్ అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ దేశంలో ఇప్పుడా మాట అడిగితే ఎవరికీ తెలీదట. మనకి అంటగట్టి పోయారు."

పెద్దనాన్న కండువా కొస వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. మాటల పుట్టుక విని అంతసేపు ఆలోచించిన శ్రోత నాకెప్పుడూ దొరకలేదు. తరవాత మెల్లిగా, "అంటే అది మందు మాటన్నమాట" అన్నాడు.

"మూలంలో అంతేనండి."

"మీ పెద్దమ్మ శనివారం పూట, వెంకన్న పేరు చెప్పి, మందు మాట ఉన్న తిండి తింటోందన్నమాట."

"అంత దూరం..."

"నువ్వుండరా! ఇది దానికి రేపు సాయంత్రం నువ్వు చెప్పాలి. నేను చెబితే నమ్మదు, అన్నం కోసం అంటున్నాననుకుంటుంది. నువ్వు క్లాసులో చెప్పినట్టు చెప్పు, మొహం గంభీరంగా పెట్టి. టిఫిను పోయిందనుకో, ఇక మిగిలేదేంటి? అన్నమే!" ఆయన మొహం వెలిగిపోయింది. నాకు పెసరట్లంటే ప్రాణం. అవి పోతాయన్న ఆలోచన నాకు రాకపోలేదు. కానీ ఒక పక్క పెసరట్టూ ఇంకో పక్క నా పాండిత్యం అడిగే మనిషీ ఉంటే, ఆ వయసులో నేనెటు వెళ్తానో మీరూహించగలరు.

శనివారం సాయంత్రం పెద్దమ్మ పెనం పెట్టి, ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉపన్యాసం మొదలెట్టాను. వెనకాల పెద్దనాన్న చేతులు కట్టుకుని, ఇదంతా తనకీ కొత్త విషయమే అన్నట్టు నోరు తెరుచుకు నిలబడ్డాడు. దొరలు, ఎండ, గుక్క, సారా, ఏదీ వదల్లేదు నేను. పెద్దమ్మ చేతిలో ఉల్లిపాయ ముక్క అలాగే ఉండిపోయింది. చివరిదాకా విని స్టౌ ఆపేసింది.

"ఇంత చదివినవాడివి, ఇన్నాళ్ళూ చెప్పవేంరా?" అంది. అందులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

పెద్దనాన్న ముందుకొచ్చాడు. "పోన్లేవోయ్. తెలీక చేసినదానికి దోషం లేదు. ఇవాళ్టికి ఇంత అన్నం పడేయ్."

"అన్నం తిననని కదండీ మొక్కుకున్నాను! టిఫినేమో ఇలాంటిదని అబ్బాయి అంటున్నాడు. ఇంక మిగిలింది మజ్జిగ. మీకు వండమంటే వండుతాను, చెప్పండి."

"నాకెందుకులే" అన్నాడు పెద్దనాన్న, ఎందుకో చప్పబడిపోయి. వండుతానంటున్నా ఎందుకు వద్దన్నాడో నాకర్థం కాలేదు. ఆ రాత్రి ముగ్గురం మజ్జిగ తాగాం. రుబ్బిన పెసర పిండి గిన్నె ఎదురింటి అత్తయ్యగారికి వెళ్ళింది, దాంతోపాటు కథ కూడా వెళ్ళింది. ఆవిడ గుమ్మంలోంచే తీర్పు చెప్పింది. "భలేవారండీ వదినగారూ! మనం పెసలు నానబోసుకున్నాం గానీ సారా కాచుకున్నామా ఏంటి? దొరగారి పాపం దొరగారిదేనండి." కాసేపటికి వీధి దాటి పెసరట్టు వాసన వచ్చింది. అల్లం కూడా వేసింది మహాతల్లి. పెద్దనాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని, "ఏరా లెక్చరరూ, కడుపు నిండిందా?" అన్నాడు.

వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. పాసింజరులో పక్కన కూర్చునే బ్యాంకు గుమస్తా ఒకాయన ఈ గోడు విని, "ఏముందండీ మాస్టారూ, ఇంగ్లీషు మాటతో వచ్చిన చిక్కు తెలుగు మాటతో పోతుంది. ఫలహారం అనండి" అన్నాడు. ఎంత సుళువు! ఫలహారం! మన మాట, మడి కట్టుకున్న మాట, పురాణం చెప్పేవాళ్ళు కూడా వాడే మాట. శనివారం పొద్దున్నే పెద్దమ్మకి చెప్పాను. "టిఫిను మానేయ్ పెద్దమ్మా. ఫలహారం చెయ్యి. అదే ఇడ్లీ, అదే పెసరట్టు, పేరు మాత్రం శుద్ధం." పెద్దమ్మ నిజంగా సంతోషించింది. "అవున్రా, మా అమ్మ కూడా పలారమనే అనేది" అంది. నేను రైల్లో గూడెం వెళ్తున్నంతసేపూ దిబ్బరొట్టె తలుచుకుంటూనే ఉన్నాను. ఆరోజు ఏ క్లాసులో ఏ మాటకీ పుట్టుక చెప్పలేదు. పిల్లలు ఒంట్లో బాగోలేదా అని అడిగారు.

రాత్రి కంచం ముందు కూర్చుంటే నా కంచంలో రెండు అరటిపళ్ళు, ఒక జామకాయ, ఒక సపోటా. పెద్దనాన్న కంచంలోనూ అంతే. పెద్దమ్మకి షుగరుంది కాబట్టి ఆవిడ కంచంలో జామకాయ ఒక్కటే.

"ఇదేంటి పెద్దమ్మా?"

"నువ్వే కదరా, మాట పుట్టుక చూడాలన్నావు. ఫలమూ ఆహారమూ, ఫలాహారం. పళ్ళే కదా మరి? పిండి రుబ్బి నూనె పోసి కాల్చి దాన్ని పండంటే వెంకన్న నవ్వడూ?"

పెద్దనాన్న అరటిపండు ఒలిచి, దాన్ని చాలాసేపు చూసి, నావైపు చూశాడు. ఆ చూపులో నేను నాలుగేళ్ళు చదివిన చదువంతా కొట్టుకుపోయింది. నిజం చెప్పొద్దూ, మాటలకి పుట్టుకే ప్రమాణమని ఆ ఇంట్లో స్థాపించిందే నేను. గోడకి కొట్టిన బంతి నా మొహానికే తగిలింది.

ఆ తరవాతి శనివారం "అల్పాహారం" అని ఒక ప్రయత్నం చేశాను. (సభల ఆహ్వాన పత్రికల్లో "అనంతరం అల్పాహార విందు" అని వేస్తారు కదా, అక్కడ ఎవరూ అల్పంగా తినగా నేను చూడలేదు.) ఫలితం చెప్పక్కర్లేదు. కంచానికి ఒక్కొక్క ఇడ్లీ వచ్చింది. "అల్పమన్నావుగా నాన్నా" అంది పెద్దమ్మ, ప్రేమగా. పెద్దనాన్న ఆ ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి నాలుగు సార్లు పచ్చడిలో ముంచి తిన్నాడు, పెద్ద భోజనం చేస్తున్నట్టు ఉండాలని. ఎదురింటి అత్తయ్యగారు మా ఇంటి శనివారం కబుర్లు వీధంతా టముకు వేసింది. పాలబ్బాయి కూడా నన్ను చూసి, "ఈవారం ఏ ఆహారమండీ మాస్టారూ?" అనడం మొదలెట్టాడు. మాటకి మాట వెతుకుతున్నాను గానీ పెద్దమ్మ మొహం చూడలేదు నేను. ఆవిడ మెల్లిగా ఆ ఒక్క ఇడ్లీ కూడా తనకి వద్దనుకుంటోందని నాకు తట్టలేదు.

ఆ మరుసటి శనివారం పాసింజరు ఆలస్యమై బాగా రాత్రయ్యాక ఇల్లు చేరేసరికి వంటిల్లు కడిగేసి ఉంది. ఎక్కడా పిండి గిన్నె లేదు. పెద్దమ్మ దేవుడి గది ముందు గోడకానుకుని కూర్చుంది. "ఈ పేర్ల గొడవ నాకొద్దురా. ఏ పేరు పెట్టినా ఏదో ఒక లోపం కనబడుతోంది. ఇవాళ్టినుంచి శనివారం రాత్రి ఏమీ తినను. హాయిగా ఉంది" అంది. హాయిగా ఉన్న మనిషిలా లేదు. నుదుటి మీద చెమట. చేతులు వణుకుతున్నాయి. పెద్దనాన్న వీధిలోంచి వచ్చి ఆవిణ్ణి చూడగానే, "షుగరు మాత్ర వేసుకున్నావా?" అన్నాడు.

"రోజూ వేసుకునే వేళకి వేసుకున్నానండి."

"తిన్నది?"

ఆవిడ దేవుడి గది వైపు మొహం తిప్పుకుంది. మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.  కొల్లేట్లో పాములున్న నీళ్ళల్లో నడిచిన మనిషి, ఆ గుమ్మం దగ్గర చెయ్యి ఆన్చకుండా నిలబడలేకపోయాడు. నేను డబ్బా తెరిచి బెల్లం ముక్క తెచ్చి ఆవిడ నోటికి అందించబోయాను. పెద్దమ్మ పెదాలు బిగించి, సగం కళ్ళు మూసుకుని, "ఇది ఏ ఆహారం కిందికొస్తుందిరా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలీలేదండి నాకు.  లైబ్రరీలో ఉన్న ఆ లావుపాటి పుస్తకం మొత్తంలో ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు. నా మాటల పిచ్చి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిందని అప్పుడు తెలిసింది. పెద్దనాన్న నా చేతిలో బెల్లం లాక్కుని, దేవుడి గదిలోకి వెళ్ళి, పటం ముందు పెట్టి, ఒక్క దండం పెట్టి, తీసుకొచ్చాడు. "ప్రసాదం. ఇది కాదంటావా?" అన్నాడు. ప్రసాదాన్ని కాదనడం పెద్దమ్మకి ఈ జన్మలో చేతకాదు. నోరు తెరిచింది. ఇంకో ముక్క, ఇంకో దండం, ఇంకో ముక్క. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది. ఆవిడకి గాలి విసరడానికి నాకు దొరికింది మా కాలేజీ ప్రశ్నపత్రాల కట్ట. అంతకంటే గొప్పగా అవి ఎప్పుడూ ఉపయోగపడలేదు.

డాక్టరుని తీసుకొస్తానని నేను లేస్తే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అంతా నీ పుస్తకం వల్లేరా!" అని పెద్దనాన్న నామీద ఎగిరాడు. పెద్దమ్మ ఆయన వైపు చూసి, కొంచెం నీరసంగా, కొంచెం ఎత్తిపొడుపుగా అంది. "అబ్బాయినెందుకండీ అనడం? అసలు నాకు టిఫిను అలవాటు చేసిందెవరు? నేను మొక్కుకున్నది రాత్రి ఉపవాసమే కదా."

పెద్దనాన్న తల దించుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ చెబితే నాకు ఆ ఇంటి శనివారం సంగతి తెలిసింది. ఒక ఏడాది తుఫానుకి కొల్లేరు పొంగి, చెరువు గట్లు తెగి, లంక ఊళ్ళకి దారి మూసుకుపోయింది. గట్టు మీద కాపలా పాకలో పెద్దనాన్న చిక్కుకుపోయాడు. కబురు లేదు. ఎవరినడిగినా తెలీదని చేతులు తిప్పారు. పెద్దమ్మ చిన్న తిరుపతి వెంకన్న కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది, ఆయన తిరిగొస్తే బతికున్నన్నాళ్ళూ శనివారం రాత్రి అన్నం ముట్టనని, ఉపవాసముంటానని. ఎవరో దోనెలో ఎక్కించుకుని ఒడ్డుకి చేర్చారు, అక్కణ్ణుంచి నడిచి ఇల్లు చేరాడు. ఒళ్ళంతా బురద, చేపల కంపు. గుమ్మంలోంచే "అన్నం పెట్టు" అన్నాడు. ఆరోజు శనివారం.

"పెట్టాను. కడుపు నిండా తింటారనుకున్నాను. నేను తినట్లేదని తెలిసి కంచం ముందునించి లేచిపోయారు. ఎన్నాళ్ళ ఆకలో పాపం! ఆ బురద బట్టలతోనే బజారుకెళ్ళి ఇడ్లీ పొట్లాం తెచ్చారు. 'ఇది అన్నం కాదు, టిఫిను. బియ్యం రవ్వయిపోయాక అన్నం కాదు. నువ్వు దేవుడితో అన్నం సంగతి మాట్లాడావు గానీ టిఫిను సంగతి మాట్లాడావా?' అన్నారు. నేను ఒక ఇడ్లీ తింటే తప్ప తను ముట్టనన్నారు. అప్పట్నుంచీ నేను తిననిది ఆ పూట తనూ తినరు. ప్రతి వారం వండుతానంటూనే ఉన్నాను, వద్దంటూనే ఉన్నారు. మళ్ళీ పస్తున్నట్టు ఊరంతా వినబడేలా నిట్టూరుస్తారు!"

నేను పెద్దనాన్న వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అన్నం గిన్నె ఎక్కనివ్వంది పెద్దమ్మ అనుకున్నాను. ఆయనకి శనివారం రాత్రి అన్నం కావాలి, నిజమే. కానీ ఎదుటి కంచంలో కూడా ఉంటేనే కావాలి. టిఫిను పేరు పాడుచేస్తే ఆవిడ మొక్కు పక్కన పెట్టి తనతోపాటు అన్నం తింటుందని, ఎన్నో ఏళ్ళకి ఇద్దరూ కలిసి శనివారం రాత్రి అన్నం తినొచ్చని ఆ పెద్దమనిషి ఆశ. దానికి నన్నూ, ఇంగ్లీషు దొరల్నీ వాడుకున్నాడు. ఆయన మాత్రం ఆ సంగతి ఒప్పుకుంటేనా! "సరేలే, సరేలే" అని లేచి, లుంగీ ఎగ్గట్టి, వంటింట్లోంచి ఒక గిన్నె తీసుకుని వీధిలోకి నడిచాడు. జన్మలో ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాపని మనిషి ఎదురింటి తలుపు కొట్టి, "చెల్లెమ్మగారూ, ఇంత ఇడ్లీ పిండి ఉంటే ఇప్పించండి" అనడం మా వీధి అరుగులన్నీ విన్నాయి.

తరవాత వంటింట్లో జరిగింది వంట అనలేం. మందపాటి మూకుడు పెట్టాడు, నూనె పోశాడు, పిండంతా ఒకేసారి కుమ్మరించాడు, మీద పళ్ళెం మూత పెట్టాడు. నేను సాయం వెళ్తే గరిటెతో బెదిరించాడు. కాసేపటికి పొగ వచ్చింది. పెద్దమ్మ కూర్చున్న చోటినుంచే, "సన్న సెగ మీద పెట్టండీ! తిప్పండీ! అయ్యో, అలా కాదండీ!" అని కేకలు పెట్టింది. ఆ కేకలు విన్నాక నా ప్రాణం కుదుటపడింది. చివరికి ఒక పెద్ద దిబ్బరొట్టె పళ్ళెంలో వచ్చింది. అడుగు నల్లగా మాడింది, నడిమి భాగం తెల్లగా మెత్తగా ఉంది, ఒక పక్క విరిగింది. దాన్ని ముక్కలు చేసి పెద్దమ్మ ముందు పెట్టి, తను కూడా మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కిందే కూర్చున్నాడు.

పెద్దమ్మ ఆ రొట్టెని కాసేపు చూసింది. నావైపు ఒకసారి చూసింది, నేను గబుక్కున గోడ గడియారం వైపు చూశాను. మళ్ళీ ఆయన వైపు తిరిగి అడిగింది. "ఇంతకీ దీన్నేమంటారండీ?"

"ఏమీ అనరు" అన్నాడు పెద్దనాన్న. "తిను."

తింది. మాడిన చోట పక్కకి తీయకుండా తింది. ఆవిడ ఒక ముక్క తిన్నాక ఆయన ఒక ముక్క తీసుకున్నాడు. "ఉప్పు వెయ్యలేదు కదండీ?" అంది పెద్దమ్మ. "ఎదురింటావిడ పిండి, ఆవిణ్ణడుగు" అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో నాకెవరూ ముక్క పెట్టలేదు, నేనూ అడగలేదు. అలా ఒక పక్కగా కూర్చుని వాళ్ళు తినడం చూస్తూ ఉండిపోయాను. నా కళ్ళు పొగకే మండాయని అప్పుడు అనుకున్నాను.

మరుసటి వారం నుంచి పెసరట్లు తిరిగొచ్చాయి. వాటిని ఏమనాలో ఆ ఇంట్లో ఇప్పటికీ తేల్చలేదు. నాకు ఉద్యోగాలు మారాయి, పెళ్ళయింది, జుట్టు పలచబడింది. పెద్దవాళ్ళిద్దరికీ డాక్టరు రాత్రిపూట అన్నం పూర్తిగా మాన్పించేశాడు. "వారమంతా శనివారం చేసి పారేశాడ్రా ఆ డాక్టరు" అని పెద్దనాన్న ఫోన్లో వాపోతాడు, ఆ వెనకాల పెద్దమ్మ ఏదో అనడం, ఆయన నవ్వడం వినబడుతుంది. ఎప్పుడైనా శనివారం కలిసొస్తే వెళ్తాను. ఆ వంటింటి గుమ్మంలో గంభీరంగా మొహం పెట్టి నిలబడ్డ ఆ బక్కపల్చటి లెక్చరరు కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టబుద్ధి కాదు. పాపం, ఎవరో ఒకరు అడగాలని ఎంత ఆశపడ్డాడో! ఆ తరవాత నేను ఎన్నో మాటలు నేర్చుకున్నాను, ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఆ ఇంట్లో పీట మీద కూర్చున్నాక మాత్రం నాకు ఒక్క మాటే వస్తుంది. "ఇంకో ముక్క వెయ్యి పెద్దమ్మా" అంటాను. ఆవిడ వేస్తుంది.